చిన్న కమతాలు, సొంత కర్ర తోటలు: నెల్లూరు, ప్రకాశం రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండెకరాల నుంచి పదెకరాల లోపు భూమి ఉండి, అందులో కొంతైనా కర్ర కోసి అమ్ముకునే చెట్లు పెడదామనుకునేవాళ్ల కోసం ఇది. అడిగేవాళ్లలో కొందరు ఊళ్లోనే ఉండి సేద్యం చేస్తున్నారు. కొందరు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ నాన్నగారి పొలాన్ని ఏం చేయాలో తోచక అడుగుతున్నారు. రెండు రకాల ప్రశ్నలూ కలిపే ఇచ్చాం. ముందే ఒక మాట చెప్పాలి. చెట్టు పెట్టి వదిలేస్తే అదే పెరుగుతుందని చెప్పేవాళ్లు చాలావరకు మొక్కలు అమ్ముకునేవాళ్లే.

మాకు మూడున్నర ఎకరాల మెట్ట ఉంది. కూలీలు దొరకడం లేదు. మొత్తం జామాయిల్ (యూకలిప్టస్) వేసేయొచ్చా?

వేయొచ్చు గానీ మొత్తం వేయొద్దు. కర్ర తోటలో నాలుగేళ్ల దాకా చేతికి రూపాయి రాదు. ఈలోపు పిల్లల ఫీజులు ఆగవు, ఆసుపత్రి ఖర్చు చెప్పి రాదు. అప్పుడు జరిగేది ఏమిటంటే, రెండున్నరేళ్లకే వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకోవడం, ఆయన చెప్పిన రేటుకే తలూపడం. తోట నష్టపోయిందని చెప్పేవాళ్ల కథ చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

పొలంలో రాళ్లున్న చోటు, బోరు నీళ్లు ఎక్కని చోటు, దూరంగా ఉండి కాపలా కష్టమైన చోటు కర్రకు ఇవ్వండి. బోరు చుట్టూ ఉన్న మంచి నేలను కందికి, మినుముకు, మిరపకు, పశువుల మేతకు ఉంచుకోండి. వీలైతే తోటనైనా ఒకేసారి వేయకండి. ఏడాదికి అర ఎకరం, ముప్పావు ఎకరం చొప్పున వేసుకుంటూ పోతే నాలుగో ఏడాది నుంచి ఏటా కొంత కోతకు వస్తుంది. చిన్న లోడుకు వ్యాపారి మొహం చాటేస్తాడన్నది నిజమే. పక్క రైతుతో కలిసి కోతకు పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

మా నేలకు ఏ చెట్టు బాగుంటుంది?

ఊళ్లో అందరూ ఏది వేశారో చూసి వేయడం కన్నా, రెండు చోట్ల మూడడుగుల గుంత తీసి చూడటం మంచిది. పైన ఎర్రమట్టి ఉన్నా అడుగున సున్నపు పొరో, గట్టి రాతి పొరో తగిలితే చెట్టు రెండో ఏడాది దాకా బాగానే ఉండి తర్వాత ఆగిపోతుంది.

కొత్తపట్నం, సింగరాయకొండ, అల్లూరు లాంటి తీరం వెంబడి ఇసుక నేలల్లో సరుగుడుకు సాటి లేదు. దాని వేర్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి, సారం లేని ఇసుకలోనూ బతుకుతుంది. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ విడుదల చేసిన సీహెచ్‌-1, సీహెచ్‌-5 లాంటి సంకర క్లోన్లు (ఒక మంచి చెట్టు నుంచే అచ్చం అలాగే పెంచిన మొక్కలు) నిటారుగా, ఒక్క తీరుగా పెరుగుతాయి. విత్తనపు నారు చవక. కానీ ఒక చెట్టు లావు, ఒక చెట్టు సన్నం అవుతుంది. మాకైతే క్లోన్‌ మొక్కకు పెట్టే ఆ నాలుగు రూపాయలు దండగ అనిపించదు.

ఎర్ర నేలలకు, గరప నేలలకు జామాయిల్‌ సరిపోతుంది. నల్లరేగడిలో, సున్నం ఉన్న నేలల్లో సుబాబుల్‌ దానికన్నా నయం. అయితే సుబాబుల్‌ కాయ రాలిన చోటల్లా మొలుస్తుంది, పక్క చేను దాకా పాకుతుంది. ఒకసారి వేస్తే మనసు మార్చుకోవడం ఖరీదైన పని. నీళ్లు నిలిచే పల్లానికి సరుగుడు వద్దు. ప్లైవుడ్‌కు పోయే మలబార్‌ వేప గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. లోతైన నేల, డ్రిప్పు నీళ్లు ఉంటేనే దాని జోలికి వెళ్లండి. కనిగిరి, పామూరు వైపు రాతి మెట్టల్లో అది ఫొటోల్లో చూసినట్టు పెరగదు.

మొక్కలు ఎప్పుడు నాటాలి?

ఇక్కడే తెలంగాణ వీడియోలు చూసి మోసపోతుంటారు. వాళ్లకు జూన్‌ వానలు ఆధారం. నెల్లూరుకు, ప్రకాశం తీర ప్రాంతానికి అక్టోబర్‌ నుంచి డిసెంబర్‌ దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలే ఆధారం. మృగశిరలో రెండు వానలు పడ్డాయని నాటితే, ఆ తర్వాత నెల రోజులు ఎండ కాస్తుంది, మొక్కలకు బిందెలతో నీళ్లు మోయాల్సి వస్తుంది. హస్త, చిత్త కార్తెల్లో నాటండి. మార్కాపురం, గిద్దలూరు వైపు మాత్రం నైరుతి వానలు కాస్త నిలకడగా ఉంటాయి కాబట్టి ఆగస్టులోనూ నాటొచ్చు.

ఎకరాకు ఎన్ని మొక్కలు పడతాయి?

జామాయిల్‌ మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంలో దాదాపు 670, మూడుకు ఒకటిన్నర అయితే 900. సరుగుడు ఒకటిన్నర మీటరు చదరంలో 1,800, మీటరు చదరంలో 4,000 దాకా. బాదులకు (గుంజలుగా) అమ్మాలంటే దగ్గరగా, కాగితపు మిల్లులకు పోయే కర్రకైతే కొంచెం ఎడంగా వేస్తారు. సాలుకూ సాలుకూ మధ్య ట్రాక్టరు తిరిగే ఎడం వదలకపోతే కలుపు మొత్తం మనుషులే తీయాలి. కూలీలు లేరనే కదా తోట వేస్తున్నది!

మొదటి రెండేళ్లు ఏం చేయాలి?

తోట భవిష్యత్తు ఈ రెండేళ్లలోనే తేలిపోతుంది. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి, బాగా చివికిన ఎరువు, గుప్పెడు వేప పిండి కలిపి నాటాలి. పచ్చి పేడ వేశారంటే చెదలకు విందు పెట్టినట్టే. ఎర్ర నేలల్లో జామాయిల్‌ మొక్కలు ఎండిపోతే నీళ్లు చాల్లేదని అనుకుంటారు. పీకి చూస్తే నేలకు ఆనుకుని బెరడు చుట్టూ చెదలు కొరికేసి ఉంటుంది.

కవరు మొక్క అయితే కవరు పూర్తిగా తీసేయండి. అడుగున చుట్టచుట్టుకున్న వేర్లను బ్లేడుతో కోసి నాటండి. అలాగే పెడితే ఆ వేరు అక్కడే తిరుగుతుంది, మూడో ఏడాది గాలికి చెట్టు పక్కకు ఒరుగుతుంది. చచ్చిన మొక్కల స్థానంలో నెల లోపే కొత్తవి వేయాలి. ఆరు నెలల తర్వాత వేసినవి పెద్ద చెట్ల నీడలో ఎదగలేవు, డబ్బు దండగ.

ఏడాదికి రెండుసార్లు సాళ్ల మధ్య దున్నించండి. గొర్రు మొక్కకు రెండడుగుల లోపలికి రాకుండా డ్రైవరుకు దగ్గరుండి చెప్పాలి. ఎకరం లెక్కన మాట్లాడుకున్న డ్రైవరు తొందరలో ఉంటాడు. దెబ్బతిన్న బెరడులోంచే పురుగు, తెగులు లోపలికి పోతాయి. కొమ్మలు కలుసుకున్నాక కలుపు దానంతటదే తగ్గుతుంది.

మధ్యలో అంతర పంట వేసుకోవచ్చా?

మొదటి ఏడాది తప్పకుండా వేసుకోండి. ఇసుక నేలలో వేరుశనగ, పుచ్చ, దోస, మెట్టలో పెసర, మినుము, అలసంద బాగుంటాయి. మొక్కకు మూడడుగులు వదిలితే చాలు. పంట కోసం వేసిన ఎరువు, పెట్టిన తడి చెట్టుకూ అందుతాయి. రెండో ఏడాది సరుగుడులో కష్టం. జామాయిల్‌లో మూడు మీటర్ల ఎడం ఉంటే ఇంకో పంట తీయొచ్చు. జొన్న, సజ్జ లాంటి ఎత్తు పంటలు మొదటి ఏడాది వద్దు.

తోటలో గొర్రెల్ని తోలుకోవచ్చా?

మొదటి రెండేళ్లు వద్దు. మూడో ఏడాది నుంచి గొర్రెల కాపరులతో మాట్లాడి మంద పెట్టించుకుంటే ఎరువూ దక్కుతుంది, ఎండుగడ్డి తగ్గి నిప్పు భయమూ తగ్గుతుంది. సుబాబుల్‌ ఆకు మంచి మేతే గానీ అందులో మైమోసిన్‌ అనే విషపదార్థం ఉంటుంది. మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. ఎక్కువైతే జీవాల వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర వాపు వస్తుంది. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే కాబట్టి రాలుతున్నా చాలామంది ఆలస్యంగా గమనిస్తారు.

గట్టు మీద టేకు వేశాను. పక్క పొలం ఆయన గొడవ చేస్తున్నాడు. ఎవరిది న్యాయం?

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఆయన బాధలో న్యాయం ఉంది. నీడ పడిన రెండు మూడు సాళ్లలో మిరప కాయదు. జామాయిల్‌ అయితే వేరు పోయినంత దూరం నీళ్లు లాగేస్తుంది. హద్దు నుంచి కనీసం రెండు మీటర్లు, జామాయిల్‌కైతే నాలుగైదు మీటర్లు లోపలికి జరిగి వేయండి. వేసేసి ఉంటే, హద్దు వెంట మన వైపు మూడడుగుల లోతు కందకం తీయించండి. వేర్లు తెగుతాయి, వాన నీళ్లు ఇంకుతాయి, పశువులూ రావు. రెండేళ్లకోసారి దాన్ని మళ్లీ తీయించాలి. తూర్పు పడమర గట్ల కన్నా ఉత్తర దక్షిణంగా ఉన్న గట్ల మీద చెట్లుంటే నీడ ఒకేచోట పడి ఉండదు. సర్వే రాయి దొరకని చోట మాత్రం ముందు సర్వే చేయించుకుని, ఆ తర్వాతే మొక్క పెట్టండి.

ఎర్రచందనం, శ్రీగంధం పెడితే కోట్లు వస్తాయంటున్నారు. నిజమా?

ఎర్రచందనం మన వెలుగొండల సొంత చెట్టు. నెల్లూరు, ప్రకాశం, కడప, చిత్తూరు, కర్నూలు వైపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. సొంత పట్టా భూమిలో పెంచడం నేరం కాదు. కొట్టడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. 1995 నుంచి, అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం సైటిస్‌ రెండో అనుబంధంలో ఉంది కాబట్టి ఎగుమతికి వేరే నిబంధనలున్నాయి. ధర పలికేది లోపలి ఎర్ర చేవకు. చేవ బాగా కట్టడానికి పాతికేళ్లు, ముప్పై ఏళ్లు పడుతుంది. నీళ్లు పెట్టి తొందరగా లావెక్కించిన చెట్టులో చేవ ఆ లావుకు తగ్గట్టు ఉండదు. పదిహేనేళ్లలో ఎకరాకు కోట్లని బ్రోచర్లో వేసేవాళ్లను, ఇప్పటికి కోసి అమ్మిన పట్టా తోట ఒకటి చూపించమనండి.

శ్రీగంధం ఇంకొక తీరు. అది సగం పరాన్నజీవి. పక్కనున్న చెట్ల వేర్లను పట్టుకుని ఆహారం లాగుతుంది. మొదట్లో కందిని, తర్వాత సరుగుడు లాంటి దాన్ని తోడుగా పెట్టకపోతే ఎదగదు. చేవ కట్టే వయసు వచ్చేసరికి దొంగలకు తెలుస్తుంది. ఊరికి దూరంగా ఉన్న పొలంలో, యజమాని హైదరాబాదులో ఉంటే ఇది ఎంత టెన్షనో మీరే ఆలోచించుకోండి. సరదా ఉంటే ఇంటి చుట్టూ పది చెట్లు పెట్టుకోండి, మనవళ్లకు పనికొస్తాయి. బతుకుతెరువుగా లెక్క వేయకండి.

సొంత చెట్టు కొట్టడానికి కూడా పర్మిషన్‌ కావాలా?

చెట్టును బట్టి ఉంటుంది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నీళ్లకే కాదు, చెట్లకూ వర్తిస్తుంది. సరుగుడు, జామాయిల్‌, సుబాబుల్‌ లాంటి తోట చెట్లకు సడలింపులున్నాయి. టేకు, శ్రీగంధం, ఎర్రచందనం లాంటివాటికి కొట్టడానికీ, లారీ కదలడానికీ అటవీ శాఖ కాగితం ఉండాలి. రవాణా అనుమతిని ఆన్‌లైన్‌లో ఇచ్చే జాతీయ విధానం 2023 చివర్లో దేశమంతటా మొదలైంది. చెట్టు కొట్టాక కాగితం కోసం తిరగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రేంజి ఆఫీసుకు కోతకు రెండు మూడు నెలల ముందే వెళ్లండి. పొలం రిజర్వు ఫారెస్టు పక్కన ఉంటే మామూలు కర్రకైనా ముందు అడగండి.

అదే చట్టం ప్రకారం కొత్త బోరు వేయాలన్నా అనుమతి ఉండాలి. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అయితే ఇంకా జాగ్రత్త.

అమ్మేటప్పుడు ఎక్కడ నష్టపోతాం?

మూడు చోట్ల: గుత్తలో, కాటాలో, ఆలస్యంలో.

తోట మీదే గుత్తకు (తూకం లేకుండా మొత్తానికి ఒక ధరకు) మాట్లాడుకుంటే వ్యాపారికి కర్ర ఎన్ని టన్నులో తెలుసు, మీకు తెలియదు. ముందే మీరూ లెక్క వేసుకోండి. తోటలో బాగున్న చోట ఒకటి, ఓ మోస్తరు చోట ఒకటి, పలచగా ఉన్న చోట ఒకటి, 21 అడుగుల చదరం చొప్పున తాడు కట్టండి. అది దాదాపు ఒక సెంటు. ఆ మూడు సెంట్ల చెట్లు కొట్టించి, తూకం వేయించి, సగటు తీసి వందతో హెచ్చిస్తే ఎకరం దిగుబడి మోటుగా తెలిసిపోతుంది. ఆ అంకె జేబులో ఉంటే బేరం తీరే మారుతుంది.

టన్ను లెక్కన అయితే తొక్కతోనా, తొక్క తీసా అన్నది మొదట తేల్చుకోండి. కోత కూలి, తొక్క తీత, బండికెత్తే కూలి, లారీ బాడుగ, యార్డు రుసుము ఎవరివో ఒక్కొక్కటీ అడగండి. టన్నుకు ఎక్కువ రేటు చెప్పినాయన చివరికి తక్కువ ఇచ్చిన సందర్భాలు ఈ లెక్కల్లోనే ఉంటాయి. ఏ మందం దాకా కాగితపు కర్రగా తీసుకుంటారు, సన్న కర్రను ఎవరు తీసుకెళ్తారు అన్నదీ మాట్లాడుకోవాలి. సన్న కర్రకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర గిరాకీ ఉంటుంది, ఊరికే వదలకండి.

కాటా దగ్గర ఖాళీ లారీ తూకానికి మీరో, మీ మనిషో ఉండాలి. లోడు తూకం అందరూ చూస్తారు, ఖాళీ తూకం ఎవరూ చూడరు. రెండు చీటీల ఫొటో తీసుకోండి. కోసిన కర్ర ఎండలో పడి ఉంటే రోజురోజుకీ బరువు తగ్గుతుంది. లారీ ఖాయం కానిదే కోత మొదలుపెట్టనివ్వకండి. కోత కూలీలు వచ్చారు కదా అని కోయిస్తే, లారీ పది రోజులకు వచ్చినా ఆ నష్టం మీదే.

డబ్బు సంగతి. లోడు లోడుకూ బ్యాంకు ఖాతాలో పడేలా మాట్లాడుకోండి. మొత్తం అయ్యాక లెక్క చూద్దామంటే ఒప్పుకోకండి. మార్కెట్‌ యార్డు ద్వారా పోతే కాగితం ఉంటుంది, బయట నోటిమాట మీద పోతే అదీ ఉండదు.

నరికిన మొద్దు నుంచి మళ్లీ తోట వస్తుందా?

జామాయిల్‌, సుబాబుల్‌ వస్తాయి. మామూలు సరుగుడు రాదు, మళ్లీ నాటాల్సిందే. పిలక తోట బాగుండాలంటే మొదటి కోత బాగుండాలి. నేలకు జానెడు లోపు ఎత్తులో, రంపంతో, నీళ్లు నిలవకుండా కొంచెం ఏటవాలుగా కోయాలి. గొడ్డలితో ఇష్టం వచ్చినట్టు కొడితే మొద్దు చీలుతుంది, బెరడు కర్రను వదిలేస్తుంది. పిలక పుట్టేది ఆ బెరడు కిందే. కోతవాళ్లకు టన్ను లెక్క కూలి కాబట్టి మొద్దు బాగోగులు వాళ్లకు పట్టవు. కోత రోజుల్లో పొలంలో ఉండి చూడాల్సింది ఇదే.

మొద్దుల మీద కొమ్మా రెమ్మా పడేయనివ్వకండి. పిలకలు నడుము ఎత్తు దాటాక, మొద్దుకు ఒకటి లేదా రెండు, గాలి వచ్చే వైపు గట్టిగా పట్టుకున్నవి ఉంచి మిగతావి తీసేయాలి. అన్నీ ఉంచితే కర్ర ఎక్కువ వస్తుందనుకుంటారు గానీ, వచ్చేది కట్టెలే. రెండు మూడు కోతల తర్వాత దిగుబడి పడిపోతుంది, అప్పుడు కొత్త మొక్కలే దారి.

ఎండాకాలం నిప్పు భయం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సరుగుడు ఆకు, జామాయిల్‌ ఆకు అప్పటికి నిప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటాయి. ఫిబ్రవరిలోనే తోట చుట్టూ పది అడుగుల వెడల్పున దున్ని మట్టి తేల్చండి. రెండెకరాలు దాటితే మధ్యలోనూ ఒక దారి తీయండి. పక్కన మొక్కజొన్న, కంది కట్టె తగలబెట్టే రైతుకు ముందే చెప్పి, ఆ రోజు మీరూ అక్కడ ఉండండి. రాలిన సరుగుడు ఆకును ఊరి ఆడవాళ్లు పొయ్యిలోకి ఏరుకుపోతుంటే అడ్డుపడకండి.

అదే ఆకు కింద రక్తపింజర ఉంటుంది, రంగు కలిసిపోయి కనబడదు. గమ్‌బూట్లు, పొడవాటి కర్ర లేకుండా కోతకు దించకండి. కాటు పడితే గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నాటు మందు వద్దు. కాలు కదలకుండా పెట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షన్‌ ఉండే ప్రభుత్వాసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి.

అడవి పందులు పంట మిగలనివ్వడం లేదు. కరెంటు తీగ పెట్టొచ్చా?

వద్దు. లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం నేరం. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన పక్క రైతు ఆ తీగకే పోతాడు. పంది చచ్చినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. ఆగి ఆగి చిన్న షాకు ఇచ్చే సోలార్‌ ఫెన్సింగు వేరు, అది పెట్టుకోవచ్చు. వేరుశనగ చుట్టూ నాలుగు వరసలు ఆముదమో, ముళ్ల కుసుమో దగ్గరగా వేస్తే పందులు కొంత తగ్గుతాయి. పూర్తిగా ఆగవు.

తుఫానుకు తోట ఒరిగిపోయింది. నిలబెట్టొచ్చా?

2023 డిసెంబర్‌ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్‌ తర్వాత ఈ ప్రశ్న ఎక్కువైంది. ఏడాది లోపు మొక్కలైతే నేల తడి ఆరక ముందే, రెండు మూడు రోజుల్లో లేపి, మొదట్లో మట్టి తొక్కండి. రెండేళ్లు దాటి వేరు తెగి పడిన వాటి మీద డబ్బు పెట్టకండి, కోసి అమ్మేయండి. తల విరిగిన జామాయిల్‌ను మొదలు దాకా కోస్తే పిలక వస్తుంది. ముందు నీళ్లు బయటకు పోయేలా కాలువ తీయండి. నిలిచిన నీళ్లు గాలికన్నా ఎక్కువ చెట్లను చంపుతాయి.

కాగితాలు ఏవి సరిచూసుకోవాలి?

రెవెన్యూ రికార్డులైన 1బీ, అడంగల్‌, పాసుపుస్తకంలో విస్తీర్ణం ఒకటేనా అన్నది మొదట. తోటను ఏటా ఈ-పంటలో (ప్రభుత్వ ఆన్‌లైన్‌ పంట రికార్డులో) నమోదు చేయించండి. రేపు ఏ సాయానికైనా, ఏ తగాదాకైనా ఆ నమోదే ఆధారం. డ్రిప్పు రాయితీ ఈ ఏడాది ఎంతో రైతు సేవా కేంద్రంలో అడగండి, ఏడాదికో తీరుగా ఉంటోంది. మన రెండు జిల్లాల్లో చుక్కల భూముల (పాత రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలు పెట్టిన భూముల) బెడద ఎక్కువ. 2023 మేలో అప్పటి ప్రభుత్వం కావలిలో సభ పెట్టి వాటిని నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించినా, మీ సర్వే నంబరు నిజంగా బయటకొచ్చిందో లేదో విడిగా చూసుకోవాలి.

కౌలు భూమిలో చెట్లు వేయాలంటే రాతపూర్వక ఒప్పందం లేకుండా వేయకండి. కౌలు పత్రం 11 నెలలది, చెట్టు నాలుగేళ్లది. కోత ఎవరిది, పిలక ఎవరిది, మొద్దులు తీసే ఖర్చు ఎవరిది అని మూడు ముక్కలు రాసుకుంటే సగం తగాదాలు ఉండవు.

చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) కమ్మేసిన పొలాన్ని బాగు చేయొచ్చా?

చేయొచ్చు. పైపైన నరికితే రెండింతలు గుబురుగా లేస్తాయి. వాన పడ్డాక వేరుతో సహా పెకలించాలి. మొద్దులు, కొమ్మలు బొగ్గు కాల్చేవాళ్లకు ఇస్తే జేసీబీ ఖర్చులో కొంత వస్తుంది. ఆ తర్వాత రెండేళ్లు గింజ మొలకలు వస్తూనే ఉంటాయి కాబట్టి ఖాళీగా వదలకుండా జీలుగో, కందో వేయండి.

కర్ర అమ్మిన డబ్బు మీద ఇన్‌కంటాక్స్‌ ఉందా?

దున్ని, నాటి, పెంచిన తోట అయితే అది వ్యవసాయ ఆదాయమే. దానంతటదే మొలిచిన చెట్లు అమ్మితే అలా కాదు. 1957లో సుప్రీంకోర్టు తేల్చిన తేడా ఇది. మొక్కల బిల్లులు, దుక్కి ఖర్చుల రసీదులు దాచుకోండి. ఉద్యోగం చేస్తూ రిటర్ను వేసేవాళ్లు ఆడిటరుకు ఈ ఆదాయం కూడా చెప్పాలి.

తోట తీసేసి మళ్లీ మామూలు పంట వేయాలంటే?

మొద్దులు తీయడమే అసలు ఖర్చు. జేసీబీ గంట లెక్కన కాకుండా మొద్దు లెక్కన మాట్లాడితే నయం. మొద్దులు తేలికగా వచ్చేది నేల తడిగా ఉన్నప్పుడు, అంటే డిసెంబర్‌, జనవరిల్లో. తీసిన గుంతలు పూడ్చి, అడ్డంగా నిలువుగా దున్ని, మొదటి ఏడాది జీలుగ, జనుము లాంటి పచ్చిరొట్ట వేసి కలియదున్నండి. రెండో ఏడాది కందో, మినుమో వేయండి. మిరప, పొగాకు లాంటి పెట్టుబడి పంటకు మూడో ఏడాది దాకా ఆగండి. సుబాబుల్‌ తీసిన పొలమైతే గింజ మొలకలు ఏళ్ల తరబడి వస్తాయి, అవి వేలెడు ఉన్నప్పుడే దుక్కిలో పోవాలి.